వజీరక్క గుండెలో రెండో చప్పుడు

బెల్లంపల్లిలో ఇవాళ మీసాలు మెలేస్తూ తిరుగుతున్న చాలామంది బొడ్డు కోసింది నేను. ఆ బొడ్లను మట్టిలో పెట్టింది వజీరక్క. కాన్పుల వార్డులో నేను నర్సుని, ఆమె ఆయా. ఆమె పూర్తి పేరు వజీరున్నీసా అన్న సంగతి జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తొచ్చేది కాదు. నా పేరు ప్రమోదిని. కానీ ఆమెకు నేను మొదటి రోజు నుంచీ సిస్టరమ్మనే.

ఆయాల గురించి ఎవరూ రాయరు. రాయమని నన్ను కూడా ఎవరూ అడగలేదు. కానీ కిందటేడు నుంచి నాకు ఎవరి మణికట్టు పట్టుకున్నా భయంగా ఉంటోంది. సర్వీసంతా నాడి చూసి బతికినదాన్ని, ఇప్పుడు నాడి అంటే జంకుతున్నాను. అందుకే రాసి దించుకుందామని కూర్చున్నాను.

బిడ్డ బయటపడ్డాక కూడా బొడ్డుతాడు కొంతసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. వేళ్ల మధ్య పట్టుకుంటే తెలుస్తుంది. నాకు ఎప్పుడూ తొందరే. పక్క మంచం మీద ఇంకొకతె అరుస్తుంటే కత్తెర పట్టుకుని ఎంతసేపని నిలబడను? వజీరక్క మాత్రం రెండు వేళ్లతో ఆ తాడును పట్టుకుని, “ఆగు సిస్టరమ్మా, ఇంకా కొట్టుకుంటున్నది” అనేది. అది నెమ్మదించి, పూర్తిగా ఆగాక, “ఇగ కొయ్యి” అనేది. నాకు ఒళ్లు మండేది. “ఈ వార్డుల నర్సువు నువ్వా, నేనా?” అని కసిరితే కిసుక్కున నవ్వేది తప్ప వేళ్లు తీసేది కాదు.

తర్వాతి పని ఆమెది. బెల్లంపల్లిలో బొగ్గుబావి కార్మికులందరివీ కంపెనీ క్వార్టర్లు. రేపు ఎవరు ఖాళీ చేయమంటారో తెలియని ఇళ్లు. బిడ్డ మాయనూ బొడ్డునూ సొంత మట్టిలో పాతాలని ముసలమ్మలు పట్టుబడితే, వాళ్లకు సొంత మట్టి ఎక్కడిది? అలాంటివాళ్లంతా వజీరక్కకే అప్పగించేవారు. ఆస్పత్రి వెనక ప్రహరీ పక్కన ఆమె మోకాలి లోతు తవ్వేది. గుంటలో పెట్టి, పైన గుప్పెడు ఉప్పు చల్లి, మట్టి కప్పి, కుక్కలు తోడకుండా ఒక రాయి పెట్టి వచ్చేది. వచ్చాక తల్లి మంచం దగ్గర వంగి చెప్పేది: “నీ బిడ్డది తెల్లరాయి కింద ఉన్నది. ఫికర్ చెయ్యకు.” ఆ మాట విన్నాకే చాలామంది తల్లులు కళ్లు మూసుకునేవారు.

“భూమంటే నీకింత పిచ్చేంది వజీరక్కా, పోయిన జన్మల పట్వారీవా?” అని ఏడిపించేదాన్ని.

“జాగ ఉండాలె సిస్టరమ్మా. దేనికైనా ఒక జాగ ఉండాలె” అనేది.

కొన్నాళ్లకు పసుప్పచ్చ సంచుల కాలం వచ్చింది. మాయ, బొడ్డు, దూది అన్నీ ఒకే సంచిలో వేసి మూతి కడితే బండి వచ్చి తీసుకుపోతుంది, ఎక్కడో కాల్చేస్తారు. శుభ్రానికి అదే మంచిది, ఆ మాట నేనే ఆమెకు పది సార్లు చెప్పాను. సంచి మూతి కట్టేటప్పుడు మాత్రం ఆమె మొహం చూసేదాన్ని కాదు.

ఇద్దరం రిటైరయ్యాం. నేను కరీంనగర్‌లో చిన్న ఇల్లు చూసుకున్నాను. వజీరక్క భర్త ఇబ్రాహీం ఎప్పుడో పోయాడు. ఆమె బెల్లంపల్లిలోనే కొడుకు యూనుస్ దగ్గర ఉండిపోయింది. యూనుస్ ఆటో నడుపుతాడు, మంచివాడు, వాడి బొడ్డు కూడా నేనే కోశాను.

కిందటేడు వానాకాలంలో ఆమెకు ఛాతీలో నొప్పి వచ్చింది. గ్యాసనుకుని సోడా తాగి పడుకుంది. వార్డులో అంతకాలం పనిచేసినదానికి ఆ మాత్రం తెలియదా అంటే తెలియదు, ఆమెకు తెలిసిన నొప్పులు వేరు. యూనుస్ మంచిర్యాల తీసుకుపోయి, అక్కడి నుంచి కరీంనగర్ తెచ్చేసరికి పూట గడిచిపోయింది. స్టెంటు వేశారు, ప్రాణం నిలిచింది. కానీ గుండె కండరంలో ఒక ముక్క చచ్చిపోయింది. నాలుగు అడుగులు వేస్తే చాలు, మంచం పట్టుకుని నిలబడేది.

గుండె డాక్టరు వంశీధర్‌రావు కుర్రవాడు. ఆయన బొడ్డు మేము కొయ్యలేదు కాబట్టి గౌరవంగానే మాట్లాడాను. ఆయన మమ్మల్ని ఇద్దరినీ కూర్చోబెట్టి, మూలకణాల పరీక్ష ఒకటి నడుస్తోందని చెప్పాడు.

“ఇది ఇంకా వైద్యం కాదమ్మా, పరీక్షే. పనిచేస్తదని నేను మాటియ్య. కాన్పయినంక తల్లులు ఒప్పుకొని ఇచ్చిన బొడ్డుతాళ్ల నుంచి కణాలు తీసి ల్యాబుల పెంచుతరు. వాటిని గుండె నరంలకు ఎక్కిస్తం. సగం మందికి కణాలు, సగం మందికి ఉత్త సెలైన్. ఎవలకేది పోయిందో మీకూ తెల్వది, నాకూ తెల్వది. ఏది ఎక్కినా గోలీలు మాత్రం రోజూ ఏసుకోవాలె.”

అంత చెప్పినా ఆమె చెవిన పడింది ఒక్క మాటే.

“బొడ్డుతాళ్లా? ఎవలి బిడ్డయి సార్?”

“అది చెప్పరమ్మా.”

“తీసుకోంగ మిగిలింది ఏడ పెడ్తరు?”

డాక్టరు నా మొహం చూశాడు. “ఆమె గట్లనే అడుగుతది సార్, చెప్పుండ్రి” అన్నాను. కాల్చేస్తారని ఆయన చెప్పాడు. వజీరక్క వద్దంటుందనుకున్నాను. సరే అంది. ఒప్పుకోలుకు సాక్ష్యంగా కెమెరా పెట్టి అన్నీ మళ్లీ చదివి వినిపించారు, మళ్లీ సరే అంది.

లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు అడిగాను, అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నావని.

“మట్టి దొరకని బొడ్డు సిస్టరమ్మా. దానికి ఏడనో ఒక జాగ కావాలె గదా.”

“నీ గుండె ఏమన్న పెరడా?” అన్నాను. ఆమె నవ్వలేదు.

ఎక్కించడం అయ్యాక ఆమెను మా ఇంటికే తెచ్చుకున్నాను. బెల్లంపల్లిలో వాళ్లది మేడ మీది గది, ఇక్కడ మెట్ల బాధ లేదు, చెకప్పులకూ దగ్గర. మొదట్లో బాగానే ఉంది. గేటు దాకా నడిచింది, ఆయాసం తగ్గిందంది. నాకూ తోడు దొరికిందని లోలోపల సంతోషించాను.

తర్వాత ఒక్కొక్కటీ కళ్లబడసాగాయి. గాలి కొడితే మెడ వదిలేసి ఛాతీకి పైట కప్పుకునేది. వెల్లుల్లి కారం, నెయ్యి కలిపిన మెత్తటి అన్నం, బాలింత తిండి అడిగి తినేది. మధ్యాహ్నం కుక్కరు కూత పెడితే ఉలిక్కిపడి, చెయ్యి గుండె మీద వేసుకుని, మెల్లగా తడుతూ “ఏం లేదు, ఏం లేదు” అనేది. నాతో కాదు. ఎండ నడినెత్తిన ఉండగా ఇల్లంతా నిశ్శబ్దమై, ఆమె గదిలోంచి సన్నటి రాగం వినబడేది. ఆ రాగం మధ్యలో ఒక పేరు వచ్చేది, యుమ్నా అని.

యూనుస్ కూతురేమో అనుకున్నాను. ఆదివారం చూడటానికి వచ్చినప్పుడు వాణ్ని అడిగాను.

“నాకు ఇద్దరు కొడుకులే గద సిస్టరమ్మా. గా పేరుతోని మా ఇంట్ల ఎవ్వరు లేరు” అన్నాడు.

పట్టపగలు, వాకిట్లో ఎండ నిండా ఉంది. అయినా నా వీపు చల్లబడింది.

ఆ సాయంత్రం ఆమెనే అడిగాను. దాచలేదు. సిగ్గుపడుతున్నట్టు నవ్వి, నా చెయ్యి తీసుకుని తన గుండె మీద పెట్టుకుంది.

“చూడు. ముసల్దాని గుండె ఇట్ల కొట్టుకుంటదా? అప్పుడే పుట్టిన పిల్లదే ఇట్ల ఉరుకుతది. నువ్వే చెప్పేటిదానివి గదా, వాళ్లది మన గుండెకు రెండింతలని.”

నిజంగానే ఉరుకుతోంది. చేతికింద దడదడా కొట్టుకుంటోంది. నర్సుగా నాకు దాని అర్థం తెలుసు. గుండె అలిసిపోతోంది, పరుగెత్తి పరుగెత్తి చేతకాక ఇంకా పరుగెడుతోంది. ఆమె పాదాలు చూశాను. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది.

“గోలీలు ఏసుకుంటున్నవా?”

“ఏసుకుంటున్న.”

ఆ మరునాడే నా కరివేపాకు కుండీ ఆమె గుట్టు బయటపెట్టింది. చెట్టు ఆకులు పచ్చబడి రాలుతున్నాయి. మట్టి గుల్ల చేద్దామని చెంచాతో కెలికితే తెల్లగా ముద్దలు వచ్చాయి. కొన్ని గోలీలు ఇంకా కరగనేలేదు. గుండె వేగం తగ్గించేవి, ఒంట్లో నీరు తీసేవి, ఆ రెండు రకాలే. మిగతా మందులన్నీ బుద్ధిగా వేసుకుంటోంది. ఈ రెండింటినీ వరసగా, పద్ధతిగా పాతిపెట్టింది.

నేను అరిచాను. నా జన్మలో ఎవరి మీదా అంతగా అరవలేదు. “సావాలనుకుంటె బెల్లంపల్లిల సావు, నా ఇంట్ల గాదు!” అన్నాను. అన్నందుకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆమె కోపగించుకోలేదు. “గా గోలీ ఏసుకుంటె అది నెమ్మదైతది. నెమ్మదైతె ఆగుతది. తాడు ఆగుడు నేనెన్ని చూడలే? ఇగ నీళ్ల గోలీ ఏసుకుంటె నీళ్లల్ల కొట్టుకపోతది. ఒక్కపారి నాది ఒకటి నీళ్లల్ల పోయింది సాలదా సిస్టరమ్మా?”

ఒక్కసారి ఎప్పుడు పోయిందని అడిగాను. అప్పుడు చెప్పింది, అంతకాలం ఒకే వార్డులో పనిచేసి నేను ఏనాడూ వినని సంగతి.

చెన్నూరు ఆమె పుట్టిల్లు. యూనుస్ కంటే ముందు అక్కడ ఒక ఆడపిల్లను కన్నది. పిల్ల ఏడ్చింది, ఒకసారి కళ్లు తెరిచింది, పొద్దు గూకకముందే పోయింది. వరదకు దారులు మూసుకుపోయి ఖబరస్తానుకు పోలేక, గోదావరి ఒడ్డున బంధువుల చెలకలో గుంట తీశారు. బొడ్డునూ మాయనూ కూడా పక్కనే పెట్టారు. పేరు పెట్టే తీరిక ఎవరికీ లేకపోయింది. బాలింత గుడ్డతోనే ఆమె ఎలాగో లేచి చూడటానికి పోయేసరికి ఒడ్డు లేదు. చెలక సగం విరిగి ఏట్లో కలిసిపోయింది. ఎర్రటి నీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయట.

“పాలు వస్తనే ఉండె సిస్టరమ్మా. ఏడ పొయ్యాల్నో తెల్వలే.”

ప్రహరీ పక్కన మోకాలి లోతు గుంటలు, ఉప్పు, రాళ్లు, “ఫికర్ చెయ్యకు” అనే ఆ మాట, అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. పట్వారీవా అని వెక్కిరించిన నోరు నాదే.

ఆ వారంలోనే ఆయాసం ముదిరింది. పడుకోలేక, గోడకు ఆనుకుని నోటితో గాలి పీల్చింది. ఆస్పత్రిలో పడేశాం. నరానికి మందు ఎక్కించి, నీరు తీసి, నాలుగు రోజులకు మనిషిని చేశారు. మెలకువ వచ్చాక ఆమె మొదట చేసిన పని గుండె మీద చెయ్యి పెట్టుకోవడం. చప్పుడు నెమ్మదించి ఉంది. గోడవైపు తిరిగి, బిడ్డ పోయిన తల్లిలాగే ఏడ్చింది. పక్క మంచం వాళ్లు ఎవరు పోయారని నన్ను అడిగారు.

ఇంటికి వచ్చాక మళ్లీ అదే మొండితనం. గోలీ నోటి దగ్గర పెడితే పళ్లు బిగబట్టేది. చప్పుడు మళ్లీ పుంజుకుంది. ఆమె మొహంలో వెలుగు కూడా మళ్లీ వచ్చింది. మనిషి కళ్ల ముందు చచ్చిపోతూ సంతోషంగా ఉంది.

డాక్టరు దగ్గరికి పోయి గట్టిగానే మాట్లాడాను. “ఆమెకు ఏం ఎక్కించిన్రో చెప్పుండ్రి. ఉత్త సెలైనే అయితె ఈ పిచ్చి దిగుతది. గోలీ ఏసుకుంటది.”

“ఎవలకేది పోయిందో చెప్పే కోడ్ ఊకెనే తెరవద్దమ్మా. పై కమిటీని అడగాలె.”

“అడుగుండ్రి. లేకుంటె మీ పరీక్ష బతుకుతది, మనిషి పోతది.”

ఆయన పాపం ఎదురు చెప్పలేదు. అడిగాడు. అనుమతి వచ్చింది. ఒక పొద్దున మమ్మల్ని పిలిచి, కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

“అమ్మా, మీకు కణాలు పోలే. మీకు ఎక్కింది ఉప్పునీళ్లే. మీ గుండెల ఏ బిడ్డ బొడ్డూ లేదు. అది మీ గుండె చప్పుడే. గోలీ ఏసుకుంటె మీరు బతుకుతరు.”

ఆమె కొంగు సర్దుకుని, ఆయనకు సలాం చేసి లేచింది. ఆటోలో వస్తూ నేను గెలిచాననుకున్నాను.

ఇంటికి వచ్చి మంచం మీద కూర్చున్నాక అడిగింది, “ఉప్పునీళ్లా?”

“ఔ. ఉప్పునీళ్లే.”

“ఉప్పు నేను శానా సార్లు చల్లిన సిస్టరమ్మా. ఉప్పు ఊకెనే ఎవ్వరు చల్లరు. కింద ఏదో ఒకటి ఉంటెనే చల్లుతరు.”

నేను గోలీల డబ్బా తీయబోతుంటే, ఆమె ఇంకా చెప్పింది.

“ఎవలి బిడ్డనో వచ్చిందనుకున్న. పరాయి పిల్లకు నేను పేరు పెడ్తి, పాపం వాళ్లమ్మ ఏమనుకుంటదో అని ఫికరుండె. ఇప్పుడు నువ్వే అడిగిపిచ్చినవు. ఎవలి బిడ్డ రాలే. అంటె ఇది నాదే. చెన్నూరుది.”

తెలిసిన నిజంతో ఆమె భ్రమను పోగొడదామనుకున్నాను. ఉన్న ఒక్క తలుపూ నేనే మూసేశాను. పరాయి బిడ్డయితే ఎప్పుడో ఒకనాడు తల్లికి అప్పగించమని చెప్పి ఒప్పించేదాన్నేమో. సొంత బిడ్డను ఎవరికి అప్పగించమనను?

రెండు రోజులు నాకూ తిండి సహించలేదు. ఆమె పాదాలు మళ్లీ ఉబ్బాయి. యూనుస్ వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని “అమ్మీ, జర నా మొహం చూసన్న ఏసుకో” అని బతిమాలాడు. వాడి తల నిమిరింది కానీ నోరు తెరవలేదు. నాకు సైన్సు అయిపోయింది, కోపం అయిపోయింది. మిగిలింది మా పనే.

మూడో రోజు పొద్దున్నే స్నానం చేసి, అల్మారా అడుగు నుంచి నా డ్యూటీ తెల్లచీర తీసి కట్టుకున్నాను. స్టీలు ట్రే కడిగి, అందులో ఒక గోలీ, ఒక గ్లాసు నీళ్లు పెట్టుకుని ఆమె గదిలోకి పోయాను. ఆమె నన్ను చూసి, తెలియకుండానే పైట సర్దుకుని నిటారుగా కూర్చుంది.

“వజీరక్కా, చెన్నూరుల కాన్పు అయింది. బిడ్డ పుట్టింది, ఏడ్చింది. కానీ మన పని మనం చెయ్యలే. తాడు అట్లనే ఉన్నది.”

ఆమె నా వైపే చూస్తోంది.

“ఇన్నేండ్లు బొడ్డు కొయ్యకుంట ఉంచుతరా? పిల్లకు మంచిదా, తల్లికి మంచిదా? నువ్వే చెప్పు. నువ్వు ఆయావు.”

“ఎవలు కోస్తరు?” అని అడిగింది.

“నేను గాక ఎవలు కోస్తరు?”

పక్కన కూర్చుని ఆమె మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టాను. ఇంకో చేతిలో గోలీ పట్టుకున్నాను. చర్మం కింద నాడి పరుగెడుతోంది. ఆమె కళ్లు మూసుకుంది.

“ఆగు సిస్టరమ్మా,” అంది. “ఇంకా కొట్టుకుంటున్నది.”

ఆగాను. నా సర్వీసులో ఏ కాన్పుకూ అంతసేపు ఆగలేదు. వీధిలో కూరగాయల బండి వచ్చింది, పోయింది. పక్కింటి వాళ్లు మోటారు వేసి, ట్యాంకు నిండాక ఆపేశారు. ఆమె మధ్యాహ్నం పూట పాడుకునే రాగాన్ని చివరిదాకా పాడింది. యుమ్నా అని పేరు పెట్టి పిలిచింది. తర్వాత ఏదో చెప్పుకుంది, అది తల్లీబిడ్డల మాట, నేను వినలేదు. కన్నీళ్లు మెడ మీదికి కారుతున్నా తుడుచుకోలేదు.

“ఇగ కొయ్యి” అంది, నోరు తెరిచి.

ఆ తర్వాత రోజూ పొద్దున నా చేతితోనే రెండు రకాల గోలీలూ వేసుకుంది. చప్పుడు తగ్గింది, వాపు తగ్గింది. గేటు దాకా, తర్వాత వీధి చివరిదాకా నడిచింది. రోజూ నాడి నేనే చూసేదాన్ని. నెమ్మదిగా, ముసలి గుండె నడవాల్సినట్టే నడిచేది. అప్పుడప్పుడు మాత్రం రెండు దెబ్బల మధ్య ఒక చిన్న దెబ్బ అదనంగా తగిలేది. దానికి పుస్తకాల్లో పేరుంది, నాకు తెలుసు, డాక్టరు కూడా పర్వాలేదన్నాడు. అది తగిలినప్పుడల్లా వజీరక్క నా కళ్లలోకి చూసేది, నాకు తెలిసిందా లేదా అని. నేను ఆమె చెయ్యి తట్టి, “ఏం లేదు, ఏం లేదు” అనేదాన్ని.

ఎండలు ముదరకముందే యూనుస్ వచ్చి ఆమెను బెల్లంపల్లి తీసుకుపోయాడు. అక్కడ కింది అంతస్తులో ఇల్లు చూశాడట. ఆటో ఎక్కబోతూ ఆమె వెనక్కి వచ్చి, నన్ను కరివేపాకు కుండీ దగ్గరికి తీసుకుపోయింది. మట్టి కొత్తగా తవ్వి కప్పి ఉంది. పైన ఒక గుండ్రటి తెల్లరాయి ఉంది.

“గీ రాయి కింద ఉన్నది సిస్టరమ్మా. ఫికర్ చెయ్యకు” అంది.

ఏముంది అని నేను అడగలేదు. ఆమె ఇప్పుడు బాగుంది, మందులు వేసుకుంటోందని యూనుస్ ఫోన్లో చెబుతుంటాడు.

కరివేపాకు మళ్లీ చిగురు పెట్టింది. కూరలోకి కావాలంటే మాత్రం బజారు నుంచే తెచ్చుకుంటున్నాను. ఆ రాయి ఇంతవరకూ కదపలేదు. పొద్దున నీళ్లు పోశాక రాయి పక్కన తడిమట్టి మీద రెండు వేళ్లు పెడతాను. వేళ్లకు ఏమీ తెలియదు. అయినా కాసేపు ఆగుతాను.